చేతుల కుర్చీ

పుస్తకాలు కుట్టి అట్టలు వేసే ఆ పొడుగాటి గదిలో ఆమెను అందరూ స్కేలక్క అనేవారు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే పోగా, ఆ పేరు జీతం కాగితం మీద మాత్రమే మిగిలింది. ఆమె చేతిలో ఎప్పుడూ ఒక ఉక్కు స్కేలు ఉండేది. బొటనవేలు రాసుకుని రాసుకుని దాని మొదటి అంకెలు చెరిగిపోయాయి. వాటిని ఆమె మనసులో చదువుకునేది. టీ తాగేటప్పుడు కూడా దాన్ని ఒళ్ళో పెట్టుకునేది, నిద్రపోతున్న పిల్లిని పెట్టుకున్నట్టు.

కుట్టు బల్ల దగ్గర కూర్చునే ముసలామెను అందరూ పిన్ని అనేవారు. "దీనికి సంబంధాలు రాక కాదమ్మా. వచ్చినవాళ్ళందర్నీ కొలిచి, అంచులు వంకరున్నాయని తిప్పి పంపేసింది" అని పిన్ని నవ్వేది. స్కేలక్క నవ్వేది కాదు, కోప్పడేదీ కాదు. ఆ మాటలో నవ్వడానికి ఏముందో ఆమెకు నిజంగానే తెలిసేది కాదు.

ఆమె పని అట్టలు కోయడం. అట్టకు లోపల నార ఉంటుంది. గడ్డి మీదుగా గాలి పోతే పరకలన్నీ ఒకే వైపుకు వాలినట్టు, ఆ నారంతా ఒకే దిక్కుకు పడుకుని ఉంటుంది. పుస్తకానికి అట్ట కోసేటప్పుడు ఆ నార వీపు వెంట, అంటే కుట్టు పడే అంచు వెంట, నిలువుగా నడవాలి. అడ్డంగా పడితే ఆ రోజుకేమీ తెలియదు, పుస్తకం ముచ్చటగానే ఉంటుంది. జిగురు తడి ఆరి నాలుగు రోజులు గడిచాక అట్ట మెల్లగా మూలలెత్తి ఎండుటాకులా ముడుచుకుంటుంది. తర్వాత ఎంత బరువు పెట్టినా అది చదునుగా పడుకోదు. స్కేలక్క కొత్త అట్టను రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒకసారి నిలువుకీ ఒకసారి అడ్డానికీ కొద్దిగా వంచేది. ఒక వైపు అట్ట ఒప్పుకుంటుంది, ఇంకో వైపు మొండికేస్తుంది. అంతే, నార ఎటుందో ఆమె మణికట్టుకు తెలిసిపోయేది. మనుషులు కూడా ఇలాగే ఉంటే ఎంత బాగుండునని ఆమెకు అనిపించేది. పట్టుకుని వంచగానే ఎవరు ఎందుకు పనికొస్తారో తేలిపోవాలి. ఇంక తగవులు ఉండవు, సభలు ఉండవు, చేతులెత్తడాలు ఉండవు.

ఆమె చెల్లెలు అదే గదిలో చివర, జిగురు బల్ల దగ్గర పనిచేసేది. చిన్నప్పుడొచ్చిన జ్వరం పోతూ పోతూ ఆమె వేళ్ళ కొసల్లోంచి స్పర్శను తీసుకుపోయింది. పట్టు కూడా సగమే మిగిలింది. కాగే జిగురులో వేలు పెట్టినా ఆమెకు తెలిసేది కాదు. కాలిన వాసన వచ్చాక, అరె నాదేనా అని వేలు తీసి చూసుకునేది. పాత యజమాని ఆమెకు సగం జీతమే ఇచ్చేవాడు, అదీ అక్క ముఖం చూసి. ఇంకెక్కడా ఆమెను ఎవరూ పనిలో పెట్టుకోరని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ మూడో అంతస్తులో రెండు గదుల్లో ఉండేవారు. ఆ రెండు గదులూ స్కేలక్క జీతం మీద నిలబడినవే. ఆ సంగతి ఆమె ఎప్పుడూ అనేది కాదు. అనకుండానే తెలిసేలా గిన్నెలు సర్దేది.

ఈ కొలతల పిచ్చి ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. ఆయన ఒక బడిలో గంట కొట్టేవాడు. తను ఏనాడూ లోపలి బెంచీ మీద కూర్చోలేదు కాబట్టేమో, ఆయనకు పరీక్షలంటే భయమూ భక్తీ రెండూనూ. శనివారం సాయంత్రం ఇంట్లో తనే పరీక్ష పెట్టేవాడు. నోటిలెక్కలు, బట్టలు మడతపెట్టడం, సూదిలో దారం ఎక్కించడం. ఇంట్లో కిటికీ పక్కన ఒకే ఒక్క చేతుల కుర్చీ ఉండేది. గెలిచిన పిల్ల వారమంతా అందులో కూర్చోవాలి, ఓడిన పిల్ల నేల మీద. భోజనమైనా, చదువైనా, జడ వేయించుకోవడమైనా అంతే. తల్లి ఒక్కసారి నోరు విప్పింది. చిన్నదానికి సూది పరీక్ష ఎలా పెడతారు, దాని వేళ్ళకు తెలియదు కదా అంది.

"రేపు నా చెయ్యి నొప్పి అంటే బడి ఆగుతుందా? ఇంకొకణ్ణి తెచ్చి గంట కొట్టిస్తారు. అది ఇప్పుడే తెలుసుకోనీ" అన్నాడాయన. తల్లి దారం ఉండ తెచ్చి ఇచ్చింది.

అలా స్కేలక్క ఆ కుర్చీలోనే పెరిగి పెద్దదైంది. అందులోంచి చూస్తే చెల్లెలి పాపిడి కనిపించేది, సన్నటి కాలిబాటలా. కుర్చీ చేతుల మీద తన చేతులు ఆనించి ఆమె ఆ బాటను చూస్తూ కూర్చునేది. కానీ ఆ గెలుపులో ఎక్కడో ఒక వెలితి. చెల్లెలు ఏడ్చేది కాదు. కుర్చీ కాలికి వీపు ఆనించి, ఏదో కూనిరాగం తీసుకుంటూ, కిటికీలోంచి నేల మీద పడిన వెలుతురు పలకలో కాళ్ళు చాపుకునేది. ఎండ అక్కడికే వస్తుంది మరి, కుర్చీ దాకా రాదు. ఓడిపోయానని తెలియని మనిషిని ఎన్నిసార్లు ఓడిస్తే మాత్రం ఏం లాభం? తండ్రి పోయినప్పుడు ఖర్చులకని ఆ కుర్చీ అమ్మేశారు. తండ్రిని గుమ్మం దాటించినప్పుడు ఎంత ఏడ్చిందో, కుర్చీ గుమ్మం దాటుతున్నప్పుడు అంతకంటే కొంచెం ఎక్కువే ఏడ్చింది స్కేలక్క.

*

యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. ఆయనకు కళ్ళు మసకలు కమ్మి, వెనక చూసుకునేవాళ్ళెవరూ లేక, ఒక ఉదయం తాళాలు తెచ్చి మడతల బల్ల మీద పెట్టాడు. ఇన్నాళ్ళూ మీ చేతులతో నడిచింది, ఇకమీదట మీరే నడుపుకోండి అని చెప్పి, టోపీ మరిచిపోయి వెళ్ళిపోయాడు. టోపీ కోసం కూడా మళ్ళీ రాలేదు.

ఎలా నడపాలన్నది మొదటి ప్రశ్న. కట్టిన పుస్తకాలను అదిమే ప్రెస్సు తిప్పే మామ దగ్గర దానికి జవాబు ఎప్పటినుంచో తయారుగా ఉంది. ఆయన ఏ సంగతి ఎత్తుకున్నా అందరూ సమానం అన్న మాట దగ్గరే తేల్చేవాడు. అందుకే ఆయన పేరు సమానం మామ. ఒకసారి మామకు జలుబు చేసి గదిలో అందరికీ అంటుకుంటే, చెప్పింది చేసి చూపించిన నాయకుడు ఈయనొక్కడే అంది పిన్ని. మంచివాడే. తను చెప్పేది తనకే మరీ బాగా వినిపించడం ఒక్కటే ఆయనలో లోపం.

జీతాలు అందరికీ ఒకటే ఉండాలన్నాడు మామ. పని కూడా వంతులవారీగా. ప్రతి సోమవారం అందరూ బల్లలు మారాలి. కుట్టేవాళ్ళు కోయాలి, కోసేవాళ్ళు మడతపెట్టాలి. అప్పుడే ఎవరూ ఎవరికీ దొర కాకుండా ఉంటారన్నాడు.

"బస్సులో ఎక్కినవాళ్ళందరూ తలా కాసేపు తోలితే బస్సు ఎక్కడికి పోతుంది మామా?" అంది స్కేలక్క.

"దారి ఒక్కడికే తెలిసి, వాడు లోయలోకి తోలుతుంటే, ఆపేదెవరమ్మాయ్?" అన్నాడు మామ.

చేతులెత్తారు. స్కేలక్క చెయ్యి ఒళ్ళో స్కేలు మీదే ఉంది. మిగతా చేతులన్నీ లేచాయి. వాటన్నిటికంటే ఎత్తుగా, మోచేతి దాకా జిగురు మరకలతో, చెల్లెలి చెయ్యి లేచింది. ఆ చేతిని స్కేలక్క చాలాసేపు చూసింది. తను పెట్టిన తిండి తిన్న చెయ్యి.

చెల్లెలికి జీవితంలో మొదటిసారి పూర్తి జీతం చేతికొచ్చింది. వచ్చిన సాయంత్రమే ఒక పాత సామాన్ల కొట్టులో బేరమాడి, బండివాడితో మూడు అంతస్తులూ మోయించుకుని, ఒక చేతుల కుర్చీ తెచ్చుకుంది. తండ్రి కుర్చీ కాదది, కానీ దాని తోబుట్టువులా ఉంది. స్కేలక్క ఇంటికొచ్చేసరికి కుర్చీ కిటికీ పక్కన ఉంది, అందులో చెల్లెలు ఉంది. కాళ్ళు నేలకు సరిగ్గా ఆనక, పిల్లలా ఊపుకుంటోంది.

"ఎలా ఉన్నాను అక్కా?" అంది. వెంటనే సర్దుకుని, "నువ్వూ కూర్చో. వంతులేసుకుందాం. సోమవారం నువ్వు, మంగళవారం నేను. షాపులోలాగే" అంది నవ్వుతూ.

స్కేలక్క చెప్పులు విప్పి, వాటిని గోడకు సమంగా జరిపింది. నాకక్కర్లేదంది. చిన్నప్పుడు వారం వారం లెక్కలు చేసి, వేలికి సూదులు గుచ్చుకుని గెలుచుకున్న కుర్చీని ఇప్పుడు మంగళవారాలు బుధవారాలుగా పంచి పెడుతోంది ఈ పిల్ల. అందులో ఆమెకు దానం తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఆ రాత్రి భోజనం దగ్గర ఆమె చెల్లెలితో మాట్లాడలేదు. చెల్లెలు అది గమనించలేదు. కుర్చీ చేతి మీద ఒక గీత ఉంటే, దాన్ని గోటితో రుద్దుతూ కూర్చుంది.

*

నగర సభ నుంచి పెద్ద పని వచ్చింది. సభ్యులందరికీ తలా ఒక నియమావళి, గట్టి అట్ట, బంగారు రంగు అక్షరాలు. ఈ పని నచ్చితే ఆ కార్యాలయం పుస్తకాలన్నీ ఇక ఇక్కడికే వస్తాయన్నారు. సోమవారం బల్లలు మారాయి. అట్ట కోసే బల్ల చెల్లెలి వంతుకు వచ్చింది. సరుకు దించుకోవడం, అది అయ్యాక మడతలు పెట్టడం స్కేలక్క వంతు.

చెల్లెలికి అట్ట కోత నేర్పింది స్కేలక్కే. వేళ్ళకు నార తెలియదు కాబట్టి ఒక అడ్డదారి చెప్పింది. మిల్లు నుంచి వచ్చే పెద్ద షీటులో నార ఎప్పుడూ పొడుగు వెంటే ఉంటుంది, షీటు పొడుగు వెంటే పుస్తకం పొడుగు పెట్టి కోయి, ఇక ఆలోచించకు అంది. చెల్లెలు ఆలోచించేది కాదు. చిన్నప్పటినుంచీ అక్క చెప్పింది ఆమెకు గోడ మీద గడియారం లాంటిది, చూసి నడుచుకోవడమే.

ఆ రోజు అట్టలు కొత్త మిల్లు నుంచి వచ్చాయి. పాత మిల్లులో సరుకు లేదట. బండి దగ్గర నిలబడి, అలవాటు కొద్దీ పైనున్న షీటు అందుకుని, కళ్ళు మూసుకుని వంచింది స్కేలక్క. ఒకసారి నిలువుకీ, ఒకసారి అడ్డానికీ. మణికట్టు దగ్గర ఏదో ఆగింది. మళ్ళీ వంచింది. చూపుకు అదే రంగు, అదే కొలత, అదే మందం. నార మాత్రం అడ్డంగా పడుకుని ఉంది.

ఆమె కళ్ళు తెరిచింది. గది చివర, కోత బల్ల దగ్గర, చెల్లెలు అద్దె బట్టల్లో ఉన్న పెళ్ళికూతురిలా ఒద్దికగా నిలబడి ఉంది. స్కేలక్క షీటును దొంతర మీద పెట్టి, అంచు సరిచేసి, లోపలికి తీసుకెళ్ళమని బండివాడికి చెప్పింది.

తను ఏ తప్పూ చేయడం లేదని ఆమెకు గట్టిగానే అనిపించింది. తను కోయడం లేదు. ఎవరినీ కోయమనడం లేదు. అందరికీ అన్నీ వస్తాయని చేతులెత్తి ఒప్పుకున్నారు కదా, ఆ వచ్చిందేదో ఇప్పుడు కనిపిస్తుంది. ఒక్కమాట చెబితే నిమిషంలో సర్దుకునే సంగతి అది. ఆ మాట ఆమె నాలుక మీద చక్కెర పలుకులా కరిగిపోయేదాకా ఉంది. ఆ తీపి చాలాసేపు పోలేదు.

మధ్యాహ్నానికి ముందు చెల్లెలు ఒక కోసిన అట్ట పట్టుకుని వచ్చింది. పని చేస్తున్నంతసేపూ భయపడిందేమో, పై పెదవి మీద చెమట.

"అక్కా, ఒకసారి చూడవా. సరిగ్గానే ఉందా?"

స్కేలక్క తన స్కేలు దాని మీద పెట్టింది. నిలువు కొలిచింది, అడ్డం కొలిచింది, మూల మట్టం చూసింది.

"కొలత సరిపోయింది" అంది.

చెల్లెలి ముఖం వెలిగిపోయింది. అక్క మెచ్చుకున్న సందర్భాలు ఆమెకు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. ఆ అట్టను రెండు చేతుల్లో పళ్ళెంలా పట్టుకుని వెనక్కి వెళ్ళింది. సాయంత్రం దాకా కూనిరాగాలు వినిపిస్తూనే ఉన్నాయి. పక్క బల్ల మీద మడతలు పెడుతూ స్కేలక్క అవి వింది. ఒక్కొక్క అట్ట తెగి పడే చప్పుడూ వింది. ఆమె మడతల్లో ఒక్కటి కూడా వంకర పోలేదు.

*

పుస్తకాలు వెళ్ళాయి. కొన్ని రోజులకు నగర సభ స్టోరు గుమాస్తా ఒక ప్రతి చంకన పెట్టుకుని వచ్చాడు. మడతల బల్ల మీద దాన్ని పడుకోబెట్టాడు. పై అట్ట తనంతట తనే లేచింది, గట్టున పడ్డ చేప నోరు తెరిచినట్టు. గుమాస్తా అరచేత్తో దాన్ని అదిమి, వదిలాడు. మళ్ళీ లేచింది.

"మొదటి పేజీలో మనుషులందరూ సమానమని రాసుంది" అన్నాడతను. "అట్టలకు ఆ సంగతి చెప్పినట్టు లేరు మీరు. అన్నీ ఇంతే."

అన్నీ తమ ఖర్చుతోనే మళ్ళీ కట్టివ్వాలన్నాడు, ఇంకోసారి ఇలా జరిగితే తమ గడప తొక్కొద్దన్నాడు. అతను వెళ్ళాక ఎవరో జిగురు కుండను పొయ్యి మీంచి దించారు.

సమానం మామ లేచి, నష్టం అందరిదీ, అందరం సమానంగా భరిద్దాం అన్నాడు. కానీ ఈసారి ఆ మాట ఎవరికీ తియ్యగా లేదు. సమానంగా పంచుకోవడానికి నష్టం ఎదురొచ్చేసరికి, సమానం మీద ఉన్న ముచ్చట చాలామంది ముఖాల్లోంచి జారిపోవడం స్కేలక్క చూసింది. ఆమె లేచింది.

"తప్పు అందరిదీ అంటే ఎవరిదీ కాదని చెప్పడమే మామా" అంది. "నార తెలియని చేతికి అట్ట ఇచ్చాం. ఇచ్చింది ఎవరు? మనం ఎత్తిన చేతులు. పని తెలిసినవాళ్ళు చెప్పాలి, తెలియనివాళ్ళు వినాలి. బల్లలు పరీక్ష పెట్టి ఇద్దాం. నాతో సహా."

పిన్ని కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "అదంతా సరేలే. సరుకు దించుకున్నప్పుడు ఎవరూ వంచి చూడలేదా? ఆ వారం ఆ పని ఎవరిది?"

స్కేలక్క స్కేలును బల్ల అంచుకు సమంగా జరిపింది.

"దించుకునేవాళ్ళకేం తెలుస్తుంది పిన్నీ" అని చెల్లెలి గొంతు వినిపించింది. "కోసేదాన్ని నేను. చూసుకోవాల్సింది నేను. చూసుకోలేదు." ఆమె ఎవరి వైపూ చూడకుండా, గోటికి అంటిన ఎండిన జిగురును పెచ్చులు పెచ్చులుగా లాగుతోంది.

పిన్ని కళ్ళద్దాలు మళ్ళీ కిందికి దించుకుంది. చేతులెత్తమన్నారు. ఈసారి లేచిన చేతులు స్కేలక్కవైపు. చెల్లెలి చెయ్యి కూడా లేచింది, అంతే ఎత్తుగా. ఆ పిచ్చిమొద్దుకు తను దేనికి చెయ్యి ఎత్తుతోందో తెలియదనుకుంది స్కేలక్క.

మర్నాడు షాపు కిటికీ దగ్గర పరీక్ష. సమానం మామ తల గోక్కుంటూ ముందుకొచ్చాడు. నార చూడటానికి ఇంకో దారి ఉంది కదా అన్నాడు. అట్ట ముక్కకు ఒకవైపు తడి రాసి కాసేపు ఉంచితే అదే ముడుచుకుని నార ఎటుందో చూపిస్తుంది. కళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది. "ఆ పిల్లకు కళ్ళు బాగానే ఉన్నాయిగా. తడి పరీక్ష పెట్టు" అన్నాడు.

ఆ దారి స్కేలక్కకు కొత్తేమీ కాదు. చెల్లెలికి ఎప్పుడూ నేర్పలేదు, అంతే. "ముక్క ముక్కకూ తడి రాసి ఆరేదాకా చూస్తూ కూర్చుంటే పుస్తకాలెప్పుడు కడతాం? చేతికి తెలియాలి. పరీక్ష చేతికే" అంది. పరీక్ష ఏదో తేల్చేవాళ్ళే గెలిచేవాళ్ళను కూడా తేలుస్తారన్న సంగతి ఆమెకు తండ్రి కుర్చీలో ఉన్నప్పుడే తెలుసు. అది అన్యాయమని ఆమెకు అప్పుడూ అనిపించలేదు.

ఒక్కొక్కరే వచ్చి వంచారు. కొందరికి తెలిసింది, కొందరు అదృష్టం కొద్దీ చెప్పారు. చెల్లెలు వచ్చింది. అక్క చేసినట్టే కళ్ళు మూసుకుంది, అక్క చేసినట్టే తల కొద్దిగా పక్కకు వాల్చింది. ఏ స్పర్శా లేని వేళ్ళతో అట్టను, నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. నిలువు అంది. తప్పు.

ఇంకోసారి చూడమంది స్కేలక్క. దయతో కాదు, రేపు ఎవరూ మాట అనకూడదని.

చెల్లెలు మళ్ళీ వంచి, అడ్డం అంది. సరిపోయింది. మామ హమ్మయ్య అనుకుని చప్పట్లు కొట్టబోయాడు.

"ఎలా తెలిసింది?" అంది స్కేలక్క.

"నిలువు తప్పన్నావుగా అక్కా. ఇంక మిగిలింది అడ్డమే కదా."

గదంతా పక్కుమంది. చెల్లెలు కూడా నవ్వింది. నవ్వు ఆగేదాకా ఉండి స్కేలక్క మామూలు గొంతుతో చెప్పింది, ఇది ఊహే కానీ పని కాదని. జిగురు బల్లకూ ఇదే పరీక్ష, ఎందుకంటే కాగితానికీ నార ఉంటుంది. పరీక్షలో నెగ్గనివాళ్ళకు బల్ల లేదు.

"అది నీ చెల్లెలమ్మా" అంది పిన్ని, చిన్నగా.

"చెల్లెలని నేను చూడటం లేదుగా. మీరూ చూడకండి" అంది స్కేలక్క.

ఆ రోజంతా గదిలో ఆమె గురించి గుసగుసలు నడిచాయి. రక్తసంబంధాన్ని కూడా పక్కన పెట్టిన మనిషి అన్నారు. న్యాయమంటే అదీ అన్నారు. చెల్లెలు జిగురు కుంచెలు కడిగి, వరసగా ఆరబెట్టి, తన టీ కప్పు సంచిలో వేసుకుని వెళ్ళింది. ఆ కుంచెల్లో ఒకటి కొంచెం వంకరగా ఉందని స్కేలక్క సరిచేసింది.

*

ఆమె ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. చెల్లెలు కిటికీ కింద నేల మీద, వెనకటిలాంటి వెలుతురు పలకలో, మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద మెత్త దులిపి వేసి ఉంది.

"నువ్వు కూర్చో అక్కా. నీదే" అంది చెల్లెలు.

స్కేలక్క కూర్చుంది. కుర్చీ చేతులు ఆమె చేతులకు సరిగ్గా సరిపోయాయి, కొలిచి చేసినట్టు. చెల్లెలి పాపిడి కనిపించింది. ఆ కాలిబాట పక్కన ఇప్పుడు అక్కడక్కడా తెల్లగా ఉంది.

"సరుకు వచ్చిన రోజు నువ్వు షీటు వంచావు" అంది చెల్లెలు, కిటికీవైపు చూస్తూ. "నేను చూశా. రెండుసార్లు వంచావు. ఏమీ అనలేదు. అక్క చూసింది, ఏమీ అనలేదు, అంటే బాగుందన్నమాట అనుకున్నా. అందుకే కోశా."

కింద వీధిలో ఎవరో ఇనప తలుపు దించుతున్నారు. స్కేలక్క కుర్చీ చేతి మీది గీతను బొటనవేలితో రాసింది.

"మరి మీటింగులో చెప్పలేదేం?"

"చెప్తే నిన్ను తీసేసేవాళ్ళు. మామ నన్ను ఉంచేవాడు." చెల్లెలు అదేదో నోటిలెక్క అన్నట్టు వేళ్ళు ముడిచింది. "నేనుంటే అట్టలెవరు కోస్తారు? ఇద్దరిలో ఒకళ్ళే ఉండాలంటే పనొచ్చినవాళ్ళే కదా ఉండాలి. నువ్వెప్పుడూ చెప్పేదదేగా. అందరి బువ్వా దాని మీదే ఉందాయె."

స్కేలక్క లోపల ఏదో లేచింది. అది పశ్చాత్తాపమని ఎవరైనా అనుకోవచ్చు. ఆమె దాన్ని వంచి చూసుకుంది, నిలువుకీ అడ్డానికీ. కోపం అది. మళ్ళీ అంతే. మళ్ళీ ఈ పిల్ల ఓడిపోకుండా ఓడింది. తను నమ్మిన మాటను తనకంటే నిక్కచ్చిగా పాటించి, ఏ పరీక్షా లేకుండా మొదటి స్థానం కొట్టేసి, పోయి నేల మీద కూర్చుంది.

"రేపటినుంచి కాగితం సంచులు అంటించు. ఎవరైనా తీసుకుంటారేమో కనుక్కుంటాను" అంది. "వేళ్ళు కాల్చుకోకు. మందులకు నా దగ్గర డబ్బుల్లేవు."

"అలాగే అక్కా" అంది చెల్లెలు.

ఆ తర్వాత షాపు ఎప్పుడూ లేనంత బాగా నడిచింది. అట్టలు నీటి పొరలా చదునుగా పడుకునేవి. గుమాస్తా మెచ్చుకున్నాడు. మామను జిగురు బల్లకు పంపారు. ఆయన ప్రసంగాలు తగ్గించాడు. జీతాలు చేతిని బట్టి ఇవ్వసాగారు. కాదన్నవాళ్ళు లేరు, ఎందుకంటే కాదనాలంటే ఇప్పుడు పరీక్ష నెగ్గాలి. పిన్ని చూపు మందగించిందని మరో రెండు నెలలకు ఆమెకూ బల్ల లేకుండా పోయింది. నన్ను కూడా కొలిచేశావా తల్లీ అని నవ్వుతూనే వెళ్ళింది.

రోజూ సాయంత్రం స్కేలక్క మూడు అంతస్తులూ చప్పుడు కాకుండా ఎక్కి, తలుపు ఒక్కసారిగా తీసేది. చెల్లెలు నేల మీదే ఉండేది, చుట్టూ కాగితం సంచులు, పెదవుల మీద ఏదో కూనిరాగం. స్కేలక్క సంచి కింద పెట్టి, చెప్పులు విప్పకుండానే నేరుగా కుర్చీ దగ్గరకు వెళ్ళేది. కళ్ళు మూసుకుని, అట్టను చూసినట్టే, అరచెయ్యి మెత్త మీద పెట్టి చూసేది. తను లేనప్పుడు చెల్లెలు ఒక్కసారైనా, ఒక్క నిమిషమైనా అందులో కూర్చుని ఉంటుంది. మనిషన్నాక కూర్చోదా? ఆ వెచ్చదనం ఒక్క రోజు చేతికి తగిలితే చాలు, అడగాల్సిన మాటలన్నీ ఆమె దగ్గర తయారుగా ఉన్నాయి.

మెత్త చల్లగా ఉండేది. ఆమె ఇంకాసేపు చెయ్యి అక్కడే ఉంచేది. అప్పటికీ చల్లగానే ఉండేది.